గ్రీకు రాకుమారి కాదు, ఇల్లిరియా రాణి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆడబిడ్డలకు కొత్త పేర్లు అనే శీర్షిక కింద అచ్చయిన జాబితాలో 'తెవుతా' అనే పేరు కనిపించింది. దాని ఎదురుగా 'గ్రీకు పేరు, అర్థం రాకుమారి' అని రాసి ఉంది. ఆ పేరు గ్రీకుది కాదు, దానికి రాకుమారి అన్న అర్థమూ లేదు. అది అల్బేనియాలోనూ కొసావోలోనూ ఆడపిల్లలకు పెట్టుకునే పేరు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరంలోని ఇల్లిరియాను ఏలి, రోమ్‌తో యుద్ధానికి తలపడిన ఒక రాణి పేరు. గ్రీకులు ఆ పేరును తమ పుస్తకాల్లో రాసిపెట్టారు, అంతవరకే వాళ్లకు దానితో సంబంధం.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరమా అని మీకు అనిపించవచ్చు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇప్పుడు బిడ్డ పుట్టిన ఇంట్లో పేరు వెతికే తీరు చూసినవారికి అలా అనిపించదు. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసేనాటికి ఇంట్లో మూడు రకాల పేర్లు తిరుగుతుంటాయి. నానమ్మో అమ్మమ్మో మొక్కుకున్న పేరు ఒకటి, అయ్యగారు నక్షత్రం చూసి ఇచ్చిన అక్షరానికి కుదిరే పేరు ఒకటి, తల్లిదండ్రులు పత్రికలోనో ఫోన్‌లోనో జాబితాలు చూసి ఎంచిన పేరు ఒకటి. మూడింటిలో గెలిచేది సాధారణంగా మూడోదే. రేపు ఆ బిడ్డ పెద్దదై నా పేరుకు అర్థమేమిటని అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పేది ఆ జాబితాలో చదివిన ఒక్క ముక్కే. అందుకే ఆ ఒక్క ముక్క సరిగా ఉండాలని అంటున్నాను. నేను సాంఘికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. మా వీధిలో ఒక కుటుంబం ఆడబిడ్డ ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటోంది. ఆమె పక్కింట్లో తెవుతా అనే కొసావో మహిళ ఉందని, ఆ పేరు చక్కగా ఉందని, మనవరాలికి పెట్టుకోవచ్చా అని వాళ్లు నన్ను కొంతకాలం క్రితం అడిగారు. అప్పటినుంచి ఈ పేరు వెనక చదువుతూ వచ్చినదే ఇప్పుడు మీ పాఠకులతో పంచుకుంటున్నాను.

తెవుతా కథ మనకు ప్రధానంగా పాలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడి వల్ల దక్కింది. ఆమె కాలం ముగిసిన ఒక తరానికి పుట్టి, రోమ్‌లో పెద్ద కుటుంబాల ఆదరణ పొంది, రోమ్ అంత తక్కువ కాలంలో అంత ప్రపంచాన్ని ఎలా చేజిక్కించుకుందో చెప్పడానికి కలం పట్టిన మనిషి ఆయన. ఆయన రాసిన ప్రకారం, తెవుతా భర్త, ఇల్లిరియా రాజు ఆగ్రోన్ క్రీ.పూ. 231లో ఏటోలియన్లనే గ్రీకు జనం మీద తన సైన్యం గెలిచిందన్న సంబరంలో విపరీతంగా తాగి, జబ్బుపడి, కొద్దిరోజులకే చనిపోయాడు. వారసుడు పిన్నెస్ పసివాడు. ఆ పిల్లవాడు తెవుతా కన్నబిడ్డ కూడా కాదు, ఆగ్రోన్‌కు మరో భార్య వల్ల పుట్టిన కొడుకు. ఆ సవతి కొడుకు తరఫున తెవుతా రాజ్యభారం తీసుకుంది. ఇల్లిరియన్ల బలమంతా వాళ్ల చిన్న పడవల్లో ఉండేది. లెంబోస్ అనే ఆ పడవలు తేలికగా, వేగంగా సాగేవి. ఒక్కోదానిలో యాభై మంది యోధులు ఎక్కి, దీవుల మధ్య నుంచి ఉన్నట్టుండి ఊడిపడి, వర్తకుల ఓడలను దోచుకుని మళ్లీ ఆ దీవుల మధ్యనే మాయమయ్యేవారు. తెవుతా కాలంలో ఆ దాడులు గ్రీసు తీరం దాకా పాకాయి. ఎపిరస్‌లో ఎంతో సంపన్నమైన ఫొయినికే నగరం ఇల్లిరియన్ల చేతికి చిక్కింది. అక్కడ ఇటలీ వర్తకులు కొందరు దోపిడీకి గురయ్యారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

రోమ్ సెనేట్ ఇద్దరు దూతలను పంపింది. కొరుంకానియస్ వంశానికి చెందినవారు వాళ్లు. వాళ్లు వచ్చేసరికి తెవుతా ఇస్సా అనే ద్వీపాన్ని ముట్టడించి కూర్చుని ఉంది. దూతల మాటలు విని ఆమె ఇచ్చిన సమాధానం నా దృష్టిలో ఈ కథకంతటికీ గుండెకాయ. రాజ్యం తరఫున రోమన్లకు ఏ హానీ జరగకుండా చూస్తానని, అయితే తమ ప్రజలు సముద్రం మీద సొంతంగా సంపాదించుకునేదాన్ని అడ్డుకోవడం ఇల్లిరియా రాజులకు ఆచారం కాదని ఆమె చెప్పింది. దూతల్లో చిన్నవాడు నోరు ఆపుకోలేదు. సొంతంగా చేసిన తప్పును రాజ్యమే శిక్షించడం రోమ్‌లో ఆచారమని, ఆ ఆచారాన్ని మీకూ నేర్పిస్తామని అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆ దూత హత్యకు గురయ్యాడు. చంపించింది తెవుతాయేనని పాలిబియస్ రాశాడు. క్రీ.పూ. 229లో రోమ్ 200 ఓడలను, 20,000 కాల్బలాన్ని, 2,000 గుర్రపు దళాన్ని కదిలించింది. తెవుతా నమ్మి కోర్సైరా దీవిని అప్పగించిన డెమెట్రియస్ రోమన్ల పక్షాన చేరి, ఆ దీవిని వాళ్లకు అప్పజెప్పాడు. ఆమె లోతైన అఖాతం అంచున ఉన్న రిజోన్ కోటకు, అంటే ఇప్పటి మాంటెనెగ్రోలోని రిసాన్‌కు తప్పుకుని, మరుసటి ఏడు సంధికి ఒప్పుకుంది. కప్పం కట్టాలి, రాజ్యంలో ఎక్కువ భాగం వదులుకోవాలి, లిస్సస్ రేవు దాటి దక్షిణానికి రెండు పడవలకు మించి పంపకూడదు, ఆ రెండింటిలో కూడా ఆయుధాలు ఉండకూడదు. సంధి తరువాత ఆమె ఏమైందో పాలిబియస్ పట్టించుకోలేదు. రిసాన్‌లో మాత్రం ఆమె లొంగడం ఇష్టంలేక కొండ మీదినుంచి దూకిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

దూత హత్య గురించి ఒక మాట అదనంగా చెప్పాలి. పాలిబియస్ ఈ గొడవనంతా ఆడవాళ్లకు సహజమైన హ్రస్వదృష్టి అన్న ఒక్క వ్యాఖ్యతో తేల్చేశాడు. అయితే మూడు వందల ఏళ్ల తరువాత రాసిన అప్పియన్ అనే మరో చరిత్రకారుడు వేరే సంగతి చెప్పాడు. ఆయన ప్రకారం ఇస్సా ప్రజలు తామే రోమ్ సహాయం కోరారు. వాళ్ల దూత, రోమ్ దూత కలిసి వస్తుండగా ఇల్లిరియా పడవలు దారిలోనే దాడిచేసి చంపాయి, అప్పటికి ఆగ్రోన్ ఇంకా బతికే ఉన్నాడు. ఈ రెండో కథనంలో తెవుతా కోపానికి, ఆడతనానికి చోటే లేదు. ఏది నిజమో ఇంత దూరం నుంచి తేల్చడం కష్టమే గానీ, ఒక రాణిని గురించి గెలిచినవాళ్ల పక్షం మనిషి రాసిందే ప్రపంచానికి చరిత్రగా మిగిలిందన్నది మాత్రం వాస్తవం.

ఇక పేరు సంగతి. ఇల్లిరియన్ భాషలో రాసిన గ్రంథాలు గానీ పొడవైన శాసనాలు గానీ మిగలలేదు. మిగిలినవి ఎక్కువగా మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు. ఆ పేర్లలో తెవుతా అనే మాట పలుచోట్ల తగులుతుంది. పిన్నెస్ కన్నతల్లి పేరే త్రితెవుతా. భాషాశాస్త్రజ్ఞులు ఈ మాటను జనం, తెగ అనే అర్థమిచ్చే ప్రాచీన ఇండో యూరోపియన్ ధాతువుతో కలుపుతారు. లిథువేనియాలో జాతిని ఇప్పటికీ తవుతా అంటారు. పాత ఐరిష్‌లో తూఅథ్, గోథిక్‌లో థియుదా అనే మాటలు ఈ కుదురులోవే. జర్మన్లు తమ భాషకు పెట్టుకున్న దొయిచ్ అనే పేరు కూడా అక్కడినుంచి వచ్చిందే. ఈ లెక్కన తెవుతా అంటే ప్రజలకు చెందినది, ప్రజలకు ఏలిక అనే భావం వస్తుంది. అది ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరా, రాణి అయ్యాక వచ్చిన బిరుదా అనే చర్చ కూడా ఉంది. ఏదైనా రాకుమారి అన్న అర్థానికి ఇందులో ఎక్కడా ఆధారం లేదు.

ఇక్కడివరకు చదివినవారు, రెండువేల రెండువందల ఏళ్లుగా అల్బేనియన్ తల్లులు తమ బిడ్డలను తెవుతా అని పిలుస్తూనే వచ్చారని అనుకునే ప్రమాదం ఉంది. అలా జరగలేదు. ఈ పేరులో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా కనిపించింది ఇదే. రోమన్ల కాలం, బైజాంటియన్ కాలం, ఆ తరువాత 1912 దాకా సాగిన ఒట్టోమన్ ఏలుబడి, ఇన్ని శతాబ్దాల్లో ఆ పేరు జనం నోట లేదు. అల్బేనియన్ భాషలో అచ్చయిన తొలి పుస్తకంగా మనకు తెలిసినదే 1555 నాటిది. ఉత్తరాది కొండల్లోని క్యాథలిక్కులు మ్రి, దిలా, ప్రెండా వంటి పేర్లు పెట్టుకునేవారు. దక్షిణాది ఆర్థడాక్సు కుటుంబాల్లో వాసిలికి వంటి గ్రీకు పోలిక పేర్లు ఉండేవి. ముస్లిం కుటుంబాల్లో ఫాతిమే, హాతిజే ఉండేవి. పేరు వినగానే మతం తెలిసిపోయేది. మన దగ్గర పేరు చివరి తోక వినగానే కులం తెలిసిపోవడం లాంటిదే ఇది.

ఈ గోడలను దాటాలన్న కోరిక పంతొమ్మిదో శతాబ్దంలో జాతీయ పునరుజ్జీవన ఉద్యమంగా రూపుకట్టింది. ఒకే భాష మాట్లాడేవాళ్లం మూడు నాలుగు మతాలుగా చీలి ఉన్నామని, మనల్ని కలిపేది మతం కాదు, భాషేనని ఆ ఉద్యమకారులు వాదించారు. 1854లో యోహాన్ జార్జ్ ఫాన్ హాన్ అనే ఆస్ట్రియా దౌత్యాధికారి అల్బేనియన్ల గురించి ప్రచురించిన గ్రంథంలో, వాళ్లు ప్రాచీన ఇల్లిరియన్ల సంతతి అనే వాదాన్ని గట్టిగా నిలబెట్టాడు. పండితులు ఇప్పటికీ దాని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. కానీ ఒక జాతి తన కాళ్ల మీద నిలబడాలని చూస్తున్న కాలంలో ఆ వాదం పండితుల గదుల్లోనే ఉండిపోతుందా? 1878లో ప్రిజ్రెన్ పట్టణంలో అల్బేనియన్ నాయకులు సమాఖ్యగా ఏర్పడ్డారు. 1908లో మనస్తీర్ పట్టణంలో సమావేశమై తమ భాషకు లాటిన్ లిపిని ఖాయం చేసుకున్నారు. ఇలా భాషకు లిపి, జాతికి చరిత్ర వెతుక్కుంటున్న చదువుకున్న కుటుంబాలు పాలిబియస్ పుటల్లోంచి తెవుతా, ఆగ్రోన్ పేర్లను, మరో చరిత్ర గ్రంథంలోంచి ఇల్లిరియా చివరి రాజు గెంత్ పేరును తీసి ఉయ్యాలల్లో వేశాయి. శత్రువు పక్షాన రాసిన చరిత్రలోంచి తమ రాణిని వెనక్కి తెచ్చుకోవడం మాటలు కాదు. ఆమెను తక్కువ చేస్తూ రాసిన వాక్యాల మధ్య నుంచే ఆమె పేరును విడదీసి, గౌరవంగా మార్చి, కన్నబిడ్డకు పెట్టుకున్నారు.

ఆ పేరుకు మరో లాభం కూడా ఉంది. తెవుతా అన్న పిల్ల ముస్లిమా, క్యాథలిక్కా, ఆర్థడాక్సా అన్నది పేరును బట్టి చెప్పలేం. వెలుతురు అనే అర్థమున్న ద్రితా, ఆశ అనే అర్థమున్న ష్ప్రెసా, స్వేచ్ఛ అనే అర్థమున్న లిరియా కూడా ఇదే తరగతికి చెందినవి.

ఉద్యమం ఇష్టంగా మొదలుపెట్టినదాన్ని ఆ తరువాత ప్రభుత్వం నిర్బంధంగా మార్చింది. ఇది చెప్పకుండా ఈ పేరు కథ పూర్తికాదు. అల్బేనియాలో ఎన్వర్ హోజా కమ్యూనిస్టు ప్రభుత్వం 1967లో మసీదులు, చర్చిలు అన్నిటినీ మూయించింది. 1975లో రాజకీయంగా, భావజాలపరంగా తగని పేర్లున్న పౌరులు వాటిని మార్చుకోవాలని ఉత్తర్వు జారీ చేసింది. మతం వాసన వచ్చే పేర్ల స్థానంలో ఇల్లిరియన్ పేర్లు, ప్రకృతి పేర్లు, కొత్తగా కట్టిన పేర్లు ప్రోత్సహించింది. ఫాతిమేలు, మ్రిలు వెనక్కి తగ్గడం, తెవుతాలు, ద్రితాలు పెరగడం వెనక తల్లిదండ్రుల అభిమానంతోపాటు ప్రభుత్వపు ఒత్తిడి కూడా ఉంది. ఒక పేరు మంచిదైనంత మాత్రాన దాన్ని పెట్టించే పద్ధతి మంచిది కాదు కదా. 1990ల తరువాత సరిహద్దులు తెరుచుకున్నాయి. టీవీలో కనిపించే ఇటలీ పేర్లు, పొట్టి ఐరోపా పేర్లు వచ్చి, పాత జాతీయ పేర్ల పక్కన చోటు చేసుకున్నాయి. అక్కడి తల్లిదండ్రులు కూడా ఇప్పుడు మనలాగే జాబితాలు చూస్తున్నారని అనుకోవచ్చు.

కొసావోలో కథ మరోలా నడిచింది. యుగోస్లావియాలో ఉన్నంతకాలం, ముఖ్యంగా 1989లో స్వయంప్రతిపత్తి రద్దయ్యాక, అక్కడి అల్బేనియన్లకు పేరు ఒక జెండా అయింది. బిడ్డకు తెవుతా అని, ఆ నేల ప్రాచీన తెగలను గుర్తుచేసే దర్దన్ అని, ఇలిర్ అని పేరు పెట్టడమంటే ఈ నేలకు మేం నిన్నమొన్న వచ్చినవాళ్లం కాదని నోరు తెరవకుండా చెప్పడం. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఎదురుగా ఉన్న ప్రభుత్వానికి నచ్చదని తెలిసే పెట్టారు. 2008 ఫిబ్రవరి 17న కొసావో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. మన దేశం దాన్ని ఇంకా గుర్తించలేదు. స్విట్జర్లాండ్, జర్మనీలలో స్థిరపడిన వేలాది కొసావో కుటుంబాల వల్ల ఆ పేర్లు ఇప్పుడు ఐరోపా అంతటా వినిపిస్తున్నాయి. మా వీధివారి ఆడబిడ్డ పక్కింటి తెవుతా కూడా అలా అక్కడికి చేరినదే అయి ఉంటుంది.

అల్బేనియా 2000లో విడుదల చేసిన 100 లెకల నాణెం మీద ఈ రాణి ముఖం ఉంది. దుర్రెస్ రేవు పట్టణపు ఫుట్‌బాల్ జట్టు పేరే తెవుతా. అది 1994లోనూ 2021లోనూ ఆ దేశ ఛాంపియన్‌గా నిలిచింది. ఆ జట్టు గెలిచినరోజు స్టేడియంలో మగవాళ్లంతా ఆ ఆడపేరునే కేకలు పెడతారన్నది నాకు సరదాగా తోచిన సంగతి.

అల్బేనియన్ ఆడపేర్లలో మన పాఠకులకు దగ్గరగా తోచేవి ఇంకా ఉన్నాయి. 2016 రియో ఒలింపిక్స్ జూడోలో కొసావోకు తొలి పతకం, అదీ స్వర్ణం, తెచ్చిన క్రీడాకారిణి మజ్లిందా కెల్మెందీ. ఆమె పేరుకు మే నెలలో పుట్టినది అని అర్థం, ఆమె నిజంగానే 1991 మే నెలలో పుట్టింది. మన ఊళ్లలో శ్రావణి, కార్తీకలను చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. 2021లో కొసావో అధ్యక్షురాలిగా ఎన్నికైన వ్యోసా ఉస్మానీ పేరు ఒక నదిది. వ్యోసా నదికి 2023లో అల్బేనియా జాతీయ ఉద్యానవన హోదా ఇచ్చింది. మనం గోదావరి, కృష్ణవేణి, మంజీర అని పెట్టుకున్నట్టే. మదర్ థెరిసాకు 1910లో స్కోప్యేలో పుట్టినప్పుడు పెట్టిన పేర్లలో ఒకటి గోంజె. మొగ్గ అని దాని అర్థం. టర్కీ భాష మీదుగా ఫారసీ నుంచి వచ్చిన ఆ మాట, మన వరంగల్ ఉర్దూలో గుంచాగా వినిపించే మాట ఒకటే. ఇన్ని ఉన్నా, ఒక రాజ్యం పోగొట్టుకున్న రాణి పేరునే పట్టుబట్టి తెచ్చుకున్న తీరు తెవుతాకు ప్రత్యేకం.

అందుకే ఇది చదువుతున్నంతసేపూ నాకు మన ఓరుగల్లు గుర్తుకొచ్చింది. రుద్రమదేవి 1262 ప్రాంతంలో తండ్రి గణపతిదేవుని తరువాత రాజ్యం చేపట్టి 1289 వరకు ఏలింది. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో చెప్పుకోవలసి వచ్చినా, కోటను కాపాడింది, సామంతుల తిరుగుబాట్లను ఎదుర్కొంది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం దొరికేదాకా ఆమె మరణం గురించి మనకు స్పష్టంగా తెలియదు. ఆమె ఖ్యాతిని ప్రపంచానికి చెప్పింది కూడా విదేశీయుడే. మోటుపల్లి రాజ్యాన్ని న్యాయం తెలిసిన ఒక రాణి ఏలుతోందని వెనిస్ యాత్రికుడు మార్కో పోలో మెచ్చుకున్నాడు, కాకపోతే కూతురని తెలియక రాజు విధవ అని రాసుకున్నాడు. తెవుతాకు పాలిబియస్ నుంచి దక్కని మెప్పు రుద్రమకు మార్కో పోలో నుంచి దక్కింది. కానీ తెవుతా పేరుకు దక్కిన ఇల్లు రుద్రమ పేరుకు దక్కలేదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది, మన చౌరస్తాల్లో ఉంది, పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన బడుల హాజరుపట్టీల్లో మాత్రం రుద్రమ అన్న పేరు అరుదు. నా ఉద్యోగకాలం మొత్తంలో ఆ పేరుగల విద్యార్థినులను నేను చూసింది చాలా తక్కువ. ఎందుకంటే మనం ఆ పేరును ఎప్పుడూ ఒంటరిగా పలకం. ముందు రాణి, వెనక దేవి తగిలిస్తాం. కిరీటం, కత్తి, గుర్రం లేకుండా ఆమెను ఊహించం. అల్బేనియన్లు తమ రాణి పేరు ముందు రాణి అన్న మాట తీసేసి, వాకిట్లో నిలబడి అన్నానికి పిలుచుకోగల పేరుగా చేసుకున్నారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కాకతీయ రాణి పేరు ఉయ్యాలకు చేరని ఇదే ఓరుగల్లు ప్రాంతంలో, కాకతీయ సైన్యంతో పోరాడి ప్రాణాలిచ్చిందని జనం చెప్పుకునే సమ్మక్క పేరు వేల ఇళ్లలో ఉంది. కరువులో కప్పం కట్టలేమన్న కోయ జనం మీదికి ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చినప్పుడు సమ్మక్క, సారలమ్మ, జంపన్న ఎదురు నిలిచారన్నది మేడారం కథ. జాతరకు మొక్కుకుని కన్న బిడ్డలకు సమ్మక్క, సారక్క, జంపన్న, సమ్మయ్య అని పేర్లు పెట్టడం తరతరాల ఆనవాయితీ. ఐనవోలు మల్లన్నను ఐలోని మల్లన్న అని కొలిచే ఇళ్లలో ఐలయ్యలు, ఐలమ్మలు పుట్టారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు కూడా ఆ కోవలోదే. ఓడిన పక్షం వీరవనిత పేరు నిలవడంలో మేడారానికి, రిసాన్‌కు పోలిక ఉంది. తేడా కూడా ఉంది. తెవుతా పేరును పుస్తకం తిరిగి తెచ్చింది. సమ్మక్క పేరును మొక్కు ఒక్క తరం కూడా తెగకుండా మోసుకొచ్చింది. పుస్తకం తేగలిగిన పేరు మన దగ్గర రుద్రమే, దాన్ని మనం పుస్తకంలోనే ఉంచేశాం.

మొక్కు మోసుకొచ్చిన పేర్లు బడి గుమ్మం దగ్గర ఎలా రాలిపోయాయో నేను దగ్గరుండి చూశాను. జూన్‌లో అడ్మిషన్ల రోజుల్లో తండ్రి బిడ్డ చెయ్యి పట్టుకుని బల్ల ముందు నిలబడేవాడు. పేరు అడిగితే ఒక క్షణం తటపటాయించి, 'ఇంట్ల సమ్మక్క అంటం సార్, మీరే ఏదన్న మంచి పేరు రాయుండ్రి' అనేవాడు. కలం పట్టుకున్న పంతులు అంతసేపు ఆలోచించేవాడు కాదు. సమ్మక్క సమతగా, సారక్క సరితగా, పోశవ్వ పుష్పలతగా రిజిస్టర్లోకి ఎక్కేవారు. పదో తరగతి మెమో మీద, ఆ తరువాత ఆధార్ మీద ఆ పేరే స్థిరపడేది. సమ్మక్క ఇంటిపిలుపుగా మిగిలి, నానమ్మతోపాటే ముగిసిపోయేది. ఆ తండ్రి ఆ పేరును తక్కువ చేయలేదు. ఆ పేరుతో బిడ్డను తక్కువ చేస్తారని భయపడ్డాడు, ఆ భయం అబద్ధమూ కాదు. ఎన్వర్ హోజా ఉత్తర్వు వేసి మార్పించిన పేర్లకన్నా ఇలా ఏ ఉత్తర్వూ లేకుండా మారిపోయిన పేర్లు మన జిల్లాల్లో తక్కువేమీ ఉండవని నా అభిప్రాయం.

హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, సంతోషించాను. ఆ విశ్వవిద్యాలయంలో చేరే అమ్మాయిల్లో ఐలమ్మ అన్న పేరుగలవాళ్లు ఎందరుంటారన్న ప్రశ్న కూడా వెంటనే కలిగింది. సంస్థలకు పేరు పెట్టడం సులువు, దానికి ఒక జీవో చాలు.

ఇదంతా చదివి, విదేశీ పేర్లు పెట్టుకోకూడదని నేను అంటున్నట్టు ఎవరూ అపార్థం చేసుకోకూడదు. మా వీధివారు మనవరాలికి తెవుతా అని పెట్టుకుంటామంటే కథంతా చెప్పి, పెట్టుకోండి అన్నాను. మనకు పలకడానికి ఇబ్బంది లేని మాట, మూడే అక్షరాలు, తకారాలు రెండూ మన తకారాల్లాగే పళ్లకు తగిలి పలుకుతాయి. కొందరు ఇంగ్లీషు అక్షరాలు చూసి ట్యూటా అని పలుకుతున్నారు, అది సరికాదు. చివరికి వాళ్లు నక్షత్రం అక్షరం కుదరలేదని వేరే పేరు పెట్టుకున్నారు, అది వాళ్ల ఇష్టం.

మీకు నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ జాబితాకు సవరణ వేయండి. తెవుతా ఎదురుగా 'అల్బేనియన్ పేరు, ఇల్లిరియా రాణి పేరు, జనం అనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుంచి వచ్చినది' అని ఉంటే చాలు. ఇకముందు ఇలాంటి జాబితాలు ప్రచురించేటప్పుడు ఒక్క మాట అర్థంతో సరిపెట్టకుండా, ఆ పేరు ఏ భాషది, ఎవరు మోశారు అన్నది కనీసం రెండు వాక్యాల్లో ఇవ్వండి. స్థలం చాలదంటే యాభై పేర్లకు బదులు పది పేర్లే వేయండి. ఆ పదిలో మన వైపు పేర్లు కూడా ఉండాలి. చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే పేరు లేకుండానే నమోదు చేయించి, పన్నెండు నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. మా పట్టణంలో చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియక, తొట్టెల నాటికే ఏదో ఒక పేరు ఖాయం చేయాలన్న తొందరలో చేతికందిన జాబితాలోంచి ఒక పేరు లాగేస్తున్నారు. ఈ గడువు వివరాన్ని కూడా ఆ సవరణ కిందనే అచ్చువేస్తే మా వైపు తల్లిదండ్రులకు ఉపకారం చేసినవారవుతారు.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.